కుదవ పెట్టిన బిడ్డ

నెల్లూరు మీదుగా మద్రాసు పోయే జాతీయ రహదారిలో ఆంధ్రదేశం తడతో అయిపోతుంది. తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట. పడమర వరదయ్యపాళెం, సత్యవేడు, మధ్యలో శ్రీసిటీ ఫ్యాక్టరీల ప్రహరీలు. దక్షిణానికి నాలుగడుగులు వేస్తే ఆరంబాక్కం, అది తమిళనాడు. జీఎస్టీ రాకముందు ఇక్కడి భీమునివారిపాళెం చెక్‌పోస్టు దగ్గర సరుకు లారీలు బారులు తీరి నిలబడేవి. ఆ బారులతో పనిలేకుండా రెండు రాష్ట్రాల మధ్యా తిరిగేవి బాతుల మందలు. ఎక్కడ వరికోత అయితే అక్కడికి పోతాయి. కోసిన కయ్యలో రాలిన గింజలు, బురదలో నత్తలు, పురుగులు వాటి మేత. ఒక ఊరి కయ్యలు ఖాళీ కాగానే ఇంకో ఊరు.

మంద వెనక మనుషులు ఉండాలి. పగలంతా తోలాలి. చీకటి పడేలోపు వల చుట్టిన దొడ్లోకి చేర్చాలి. రాత్రి కుక్కా నక్కా రాకుండా కాపలా కాయాలి, తెల్లవారక ముందే గుడ్లు ఏరాలి. ఈ పనికి పొద్దు లేదు, సెలవు లేదు, ఇల్లు లేదు. మంద ఎక్కడ దిగితే అక్కడే పట్ట కప్పిన గుడారం. ఇట్లాంటి పనికి ఒంటరి మనిషిని పెట్టుకోవడం కంటే సంసారాన్ని పెట్టుకుంటే యజమానికి లాభం. పెద్దవాళ్ళకు ముట్టజెప్పే డబ్బుతో పిల్లల చేతులూ కాళ్ళూ కలిసి వస్తాయి.

సత్యవేడు వైపు అట్లాంటి ఒక బాతుల యజమాని దగ్గర ఒక యానాది సంసారం పనికి కుదిరింది. మొగుడూ పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. ఏడాది పనిచేశారు. ఆ తరవాత మొగుడు చనిపోయాడు. ఆమె పిల్లలతో అక్కడే పనిలో ఉండిపోయింది.

2025 మే నెలాఖరుకు ఈ కథ తెలుగు పత్రికలు దాటి బీబీసీ దాకా వెళ్ళింది. అప్పట్లో వచ్చిన వార్తల్లో తల్లి పేరు, పిల్లవాడి పేరు, ఊరి పేరు అన్నీ ఉన్నాయి. నేను రాయను. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరానికి బలైన పిల్లల పేరు, చిరునామా, చదివే బడి, గుర్తుపట్టే ఆనవాలు ఏదీ పత్రికల్లో రాకూడదు. రాస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బతికున్నన్నాళ్ళూ ఏ చట్టమూ ఆ పిల్లవాడి దగ్గరికి రాలేదు. ఈ ఒక్క సెక్షన్నయినా వాడికి దక్కనిద్దాం.

యానాదులంటే తెలియని వాళ్ళు నెల్లూరు సీమలో ఉండరు. తెలిసినట్టు నటించేవాళ్ళూ చాలామందే. పులికాట్ నీళ్ళలో నడుముల్లోతున దిగి చేత్తో రొయ్యలు పట్టేది వాళ్ళు. పొలాల్లో ఎలుకలు తవ్వేది, తోటలకు కావలి కాసేది, కంప కొట్టేది వాళ్ళు. శ్రీహరికోట అడవి ఒకప్పుడు వాళ్ళ ఇల్లు. తేనె, దుంపలు, మూలికలు, వంటచెరకు అక్కడివే. తెల్లవాళ్ళ కాలంలో నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లోనూ కొన్ని గుంపుల్ని చేర్చారు. చేసిన నేరం ఏదీ లేకపోయినా పుట్టుకే నేరమయింది. నెల్లూరు వాడైన వెన్నెలకంటి రాఘవయ్య ఆ మచ్చ చెరపడానికి యానాదుల సంఘం పెట్టి, జీవితమంతా వాళ్ళ వెంట తిరిగి, చివరికి వాళ్ళ మీద పెద్ద పుస్తకమే రాశాడు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నాక దీవిలో ఉన్న యానాదులు చాలామంది నీళ్ళు దాటి ఇవతలికి రావలసి వచ్చింది. 1971 అక్టోబరులో అక్కణ్ణించి మొదటి రాకెట్ లేచింది. అడవి పోయాక చేతిలో మిగిలింది చేతులే. ఆ చేతులకు పని ఇస్తానన్నవాడు ముందు కొంత డబ్బిస్తాడు. జబ్బుకో, చావుకో, పెళ్ళికో అక్కరపడి తీసుకుంటారు. ఆ డబ్బును అడ్వాన్సు అనుకుని తీసుకున్న మనిషి, అది తీరేదాకా కదలకూడదన్న సంగతి కదలబోయినప్పుడే తెలుసుకుంటాడు.

ఆమె కదలబోయింది. మొగుడు లేడు, పని రాత్రీ పగలూ, కూలి పెంచమంటే పెంచలేదు. వెళ్ళిపోతామంది. యజమాని లెక్క చెప్పాడు. అసలు 25,000, వడ్డీ 20,000, వెరసి 45,000 రూపాయలు. తెచ్చిస్తాను, గడువు ఇమ్మని అడిగింది. గడువిస్తాను గాని ఒక బిడ్డను ఇక్కడ వదిలిపెట్టి పొమ్మన్నాడు. ఆమె ఒక కొడుకును వదిలి, మిగిలిన పిల్లల్ని తీసుకుని వెళ్ళింది. వాడికి పదేళ్ళ ఈడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ ఒక్క క్షణం మీద ఈ దేశంలో తొంభై ఏళ్ళుగా చట్టాలు పోగుపడి ఉన్నాయి.

కార్మికుల స్థితిగతుల మీద విచారణ జరిపి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్‌కు ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల, అమృత్‌సర్‌లో, అహ్మదాబాద్‌లో, మన మద్రాసులో, ఒకే ఆచారం కనబడింది. తల్లిదండ్రులు అప్పు తీసుకుని బిడ్డ చాకిరీని కుదవ పెడుతున్నారు. దాని ఫలితంగా 1933లో ఒక చట్టం వచ్చింది, పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ. చాలా చిన్న చట్టం, నాలుగైదు నిమిషాల్లో చదవొచ్చు. పదిహేనేళ్ళ లోపు బిడ్డ చాకిరీని కుదవ పెట్టే ఒప్పందం నోటితో చేసినా, కాగితం మీద చేసినా చెల్లదంది. న్యాయమైన కూలికి, పిల్లవాడికి హాని లేకుండా, వారం రోజుల నోటీసుతో ఎప్పుడైనా మానుకునేట్టు ఉంటే మాత్రం దాన్ని కుదవ కింద లెక్కించనంది. కుదవ పెట్టిన తల్లికో తండ్రికో యాభై రూపాయల దాకా జరిమానా. పెట్టించుకున్నవాడికి, తెలిసీ ఆ బిడ్డను పనిలో పెట్టుకున్నవాడికి రెండు వందల దాకా. జైలు లేదు. అంత పెద్ద సామ్రాజ్యం, అంత చిన్న జరిమానా. అయినా ఆ చట్టం రాసినవాళ్ళ కళ్ళకు ఆనింది ఇదే దృశ్యం. అప్పు ఇచ్చినవాడు, తీర్చలేని తల్లి, మధ్యలో వదిలిపెట్టిన బిడ్డ. తొంభై రెండేళ్ళ తరవాత అది తడకు పడమటి పక్కన మక్కీకి మక్కీ జరిగింది.

తరవాతి చట్టం 1976ది, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. 1975 అక్టోబరు 25 నుంచి అమలులోకి వచ్చినట్టు అందులోనే రాసుకున్నారు. ఎమర్జెన్సీ రోజుల్లో పుట్టిన మంచి పనుల్లో ఇదొకటి, ఆ లెక్క ఎవరూ పెద్దగా చెప్పరు. దీని గుండెకాయ ఆరో సెక్షన్. వెట్టి అప్పు ఏదైనా ఆ రోజుతో ఆరిపోయింది. అసలూ లేదు, వడ్డీ లేదు. దాని కోసం కోర్టుకు పోవడానికి లేదు, గొడ్డూ గోదా జప్తు చేయడానికి లేదు. ఆ మాట ప్రకారం ఆమె నెత్తిన పెట్టిన 45,000 రూపాయలు పుట్టకముందే చచ్చిన బాకీ. తొమ్మిదో సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆరిపోయిన బాకీ కింద డబ్బు తీసుకున్నా నేరమే, మూడేళ్ళ దాకా జైలు. అంటే ఆమె కూలీనాలీ చేసి రూపాయి రూపాయి కూడబెట్టింది ఎవరికివ్వడానికో, ఆ చెయ్యి చాచినందుకే వాడు జైలుకు పోవాలి. ఇది ఆమెకు ఎవరు చెప్పాలి? అదీ చట్టంలో ఉంది. జిల్లా కలెక్టరు, ఆయన నియమించిన అధికారులు వెట్టి ఎక్కడుందో వెతికి తీయాలి. జిల్లాకొకటి, డివిజన్‌కొకటి విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులుండాలి. కాగితం మీద అంతా ఉంది.

1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేలిక చేసింది. ఒక మనిషి చేత బలవంతంగా చాకిరీ చేయిస్తున్నారని తేలితే, ఏదో అడ్వాన్సు తీసుకున్నందుకే చేస్తున్నాడని కోర్టు ఊహించుకోవాలంది. కాదని చూపించుకోవలసింది యజమానీ, ప్రభుత్వమూ. కూలివాడు పత్రాలు తేనక్కరలేదు. నిజమే, యానాది ఇంట్లో అప్పు పత్రం ఎక్కడిది?

తల్లి ఎట్లా వదిలింది అని అప్పుడు చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చదు. మిగిలిన ఇద్దరు పిల్లలతో గుడారం నుంచి బయటపడటానికి ఆమెకు కనబడిన దారి అదొక్కటే. 1933 చట్టం ఆమెను కూడా దోషిని చేసి యాభై రూపాయలు వేసేది. 1976 చట్టం నేరాన్ని ఉండవలసిన చోటికి, అప్పు ఇచ్చినవాడి గుమ్మానికి మార్చింది. మన నోళ్ళు మాత్రం ఇంకా 1933లోనే ఉన్నాయి.

కొడుకుతో ఆమెకు అప్పుడప్పుడు ఫోనులో మాట దొరికేది. వచ్చి తీసుకుపొమ్మని వాడు ప్రతిసారీ బతిమాలేవాడు, పని ఎక్కువగా ఉందనేవాడు. ఆఖరి మాట ఏప్రిల్ మధ్యలో.

మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం తెలియని తరం ఈ మధ్యదాకా లేదు. అదీ అప్పు కథే. విశ్వామిత్రుడికి ఇస్తానన్న సొమ్ము కోసం రాజు భార్యనూ బిడ్డనూ కాశీ వీధిలో అమ్ముకుంటాడు. వసూలుకు నక్షత్రకుడు వెంట ఉంటాడు, జనం నవ్వుకునేది అతన్ని చూసే. లోహితాస్యుడు యజమాని పనిమీద అడవికి పోయి పాము కరిచి చనిపోతాడు. బిడ్డ శవం ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి కాటికి వచ్చే రంగానికి తెల్లవార్లూ కూచున్న ఆడవాళ్ళంతా కొంగులు తడుపుకునేవారు. ఆ నాటకంలో తల్లికి కబురు అందుతుంది. శవం అందుతుంది. కాటి సుంకం అడిగేవాడైనా ఎదురుగా ఉంటాడు. ఇంకాసేపటికి దేవతలే దిగి వస్తారు. తెలుగువాడు ఇంతకంటే పెద్ద దుఃఖం ఊహించలేకపోయాడు కాబట్టి అక్కడ ఆగాడు.

ఈమెకు కబురు కూడా రాలేదు. డబ్బు సర్దుకుని యజమాని దగ్గరికి వెళితే, నీ కొడుకును వేరే చోటికి పంపామన్నాడు. గట్టిగా అడిగితే ఆసుపత్రిలో ఉన్నాడన్నాడు. ఇంకా అడిగితే పారిపోయాడన్నాడు. మూడు మాటలు మూడు రకాలు. అప్పుడామెకు అనుమానం వచ్చింది. తమ కులపు నాయకుల్ని వెంటబెట్టుకుని మే నెల రెండో సగంలో పోలీసుల దగ్గరికి వెళ్ళింది. విచారణలో యజమాని పిల్లవాడు చనిపోయాడని ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. కామెర్లతో పోయాడని అతను చెప్పిన మాట. తల్లికి చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, శవాన్ని సరిహద్దు దాటించి కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిపెట్టారు. అధికారుల సమక్షంలో తవ్వి తీశారు. యజమానినీ, అతని భార్యనూ, కొడుకునూ అరెస్టు చేశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, బాలకార్మిక చట్టం, బాలల న్యాయ చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు పెట్టారు.

ఇన్ని చట్టాలు ఒక్కసారిగా మేల్కొన్నాయి. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. అంతకు ముందు ఆ నెలలన్నిటా వాణ్ణి చూసినవాళ్ళు ఎంతమంది? బాతుల మంద దాక్కునేది కాదు. ఊరి మధ్యలోంచి అరుస్తూ పోతుంది. కయ్య ఆసామి చూసి ఉంటాడు, గుడ్లు కొనే వ్యాపారి చూసి ఉంటాడు, టీ బంకు వాడు చూసి ఉంటాడు. బడి గంట కొట్టే వేళకు కర్ర పట్టుకుని మంద వెనక తిరిగే పిల్లవాడు, వాడికి అమ్మా నాన్నా చుట్టుపక్కల లేరు. వీళ్ళలో ఎవరికైనా చెప్పి తీరవలసిన బాధ్యత చట్టంలో ఉందా?

లైంగిక నేరమైతే ఉండేది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ చాలా కచ్చితమైనది. పిల్లల మీద అట్లాంటి నేరం జరిగిందని తెలిసినవాడే కాదు, జరగవచ్చునని అనుమానం కలిగినవాడు కూడా పోలీసులకు చెప్పాలి. ఎవరైనా సరే. టీచరు, డాక్టరు, వార్డెను, పక్కింటివాడు, మేనమామ. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. బడికో, హాస్టలుకో, ఆసుపత్రికో పెద్దగా ఉన్న మనిషి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. పిల్లలు చెప్పకపోతే మాత్రం శిక్ష లేదు. మంచి మనసుతో చెప్పినవాడి మీద కేసు పెట్టడానికీ లేదు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా హాస్టల్లో గిరిజన బాలికల మీద అఘాయిత్యం జరిగితే, వైద్యం చేసిన డాక్టరు తెలిసీ చెప్పలేదని కేసు పెట్టారు. బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కొట్టివేతను రద్దుచేసి, తెలిసీ చెప్పకుండా ఉండటం చిన్న తప్పు కాదంది. నేరం చేసినవాడికి రక్షణ ఆ మౌనమే కదా.

కొట్టినా, ఆకలితో ఉంచినా, అప్పుకింద కట్టేసినా అదే తీరు ఉంటుందనుకుంటాం. లేదు. బాలల న్యాయ చట్టం 32వ సెక్షన్‌లో ఇరవై నాలుగు గంటల్లోగా చెప్పాలన్న నిబంధన ఉంది. అది తప్పిపోయిన, వదిలేసిన, దిక్కులేని పిల్లవాణ్ణి తన చేతికి తీసుకున్నవాడికి. చైల్డ్‌లైన్‌కో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల రక్షణ విభాగానికో తెలియజెయ్యాలి. ప్రయాణానికి పట్టే కాలం ఇరవై నాలుగు గంటల్లో కలపరు. చెప్పకపోతే 34వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. చేతికి తీసుకోకుండా చూసి ఊరుకున్నవాడికి అందులో ఏమీ లేదు. దారిన పోయేవాడు ఆ కర్ర పట్టుకున్న పిల్లవాణ్ణి చూసి తన బండి తాను నడుపుకుంటూ పోయినా ఈ చట్టం అతన్ని ఒక్క మాట అడగదు. అడగాలా, వద్దా అన్నది పెద్ద చర్చ. అందరి మీదా బాధ్యత పెడితే యానాది తల్లుల మీదే ముందు కేసులు పడతాయని నా భయం. అయినా విజిలెన్స్ కమిటీల పని ఊళ్ళో టీ బంకు వాడి మీద వదిలేసి కూచోవడం ఏ పద్ధతి?

చైల్డ్‌లైన్ వాళ్ళ 1098 నంబరు ఉంది. 1996లో బొంబాయిలో వీధిపిల్లల కోసం మొదలై దేశమంతా పాకింది. 2023లో ప్రభుత్వాల చేతికి వచ్చి అత్యవసర నంబరు 112తో ముడిపడింది. డబ్బులు పడవు, పేరు చెప్పమని బలవంతపెట్టరు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆ నంబరు పిల్లలకు కనబడుతుంది. బడికే రాని పిల్లవాడికి కనబడదు.

తల్లికి యజమాని చెప్పిన మూడో మాట, పారిపోయాడన్నది, దానికీ ఒక తీర్పు సిద్ధంగా ఉంది. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు, పిల్లవాడు కనబడలేదని ఎవరు వచ్చి చెప్పినా స్టేషన్లో వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలనీ, ఎత్తుకుపోయారనో అమ్మేశారనో ముందుగా అనుకునే వెతకాలనీ చెప్పింది. రెండు రాష్ట్రాల మధ్య ఊగే కేసుల్లో, మా పరిధి కాదు పొమ్మనకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక సురక్షా సంహితలోనే రాశారు. తడ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. ఆంధ్రలో అప్పు చేసి తిరువళ్ళూరు ఇటుక బట్టీల్లో, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసేవాళ్ళ బాధ ఏ స్టేషనుదో తేలేలోపు కాలం గడిచిపోతుంది. యానాదికి ఇవతల ఎంత బరువో, తమిళనాడు గిరిజనులైన ఇరుళర్‌కు అవతల అంతే.

శిక్షల సంగతి. వెట్టి చేయించినవాడికి 1976 చట్టం 16వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. ఆ రెండు వేలు 1976లో రెండు వేలే, ఇప్పుడూ రెండు వేలే. ఈ కథలో ఒక్క వడ్డీయే 20,000. జరిమానా దానిలో పదో వంతు. బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ కొంచెం గట్టిది. పిల్లవాణ్ణి పనికోసం కట్టిపడేసినా, వాడి సంపాదన తన దగ్గర పెట్టుకున్నా ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. 75వ సెక్షన్‌లో, తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసిస్తే, పట్టించుకోకపోతే మూడేళ్ళ దాకా. ఎస్సీ ఎస్టీ చట్టంలో ఆ వర్గం మనిషి చేత వెట్టి చేయిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనైనా పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల జరిమానా, లేదా రెండూ అన్నారు. బడి అయ్యాక ఇంటి పనిలో తల్లిదండ్రులకు సాయపడటం మాత్రం తప్పు కాదని ఒక సందు ఉంచారు. యజమానులు ఆ సందులోంచి ఎన్ని సంసారాల్ని మందలవెంట తోలారో. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ఒక్కటే నిజంగా భయపెట్టేది. దోపిడీకోసం బిడ్డను రవాణా చేస్తే పదేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా. బానిసత్వం లాంటి పద్ధతులన్నీ అందులో దోపిడీయే.

కేంద్రం 2016లో తెచ్చిన పునరావాస పథకంలో, వెట్టి నుంచి విడిపించిన మగవాడికి లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ రెండు లక్షలు, అంగవైకల్యం, లైంగిక దోపిడీ లాంటి ఘోరాలున్నచోట మూడు లక్షలు. ఈ డబ్బుకు తొలిమెట్టు అధికారి చేతి విముక్తి పత్రం. వెట్టి ఉందని ఒప్పుకుంటే తమ కమిటీ నిద్రపోయిందని ఒప్పుకున్నట్టే గనక ఆ పత్రం మీద సంతకం కలెక్టరేట్లలో చాలా బరువైన పని. మామూలు కూలి గొడవ అని రాసి పంపడం తేలిక. కుదవ పెట్టించుకున్న ఆ నెలల్లో ఒక్క రోజు ఆ డివిజన్ అధికారి మంద దగ్గరికి పోయి, ఈ పిల్లవాడు ఎవడు, వీడి తల్లి ఎక్కడ అని అడిగి ఉంటే, అదే పత్రం మీద వాడి పేరు ఉండేది, కేసు డైరీలో కాదు.

పాలారు ఒడ్డు నుంచి తీసిన శవం పంచనామా అయి, పోస్టుమార్టం అయి, కేసు కోర్టు దారి పట్టింది. ఇట్లాంటి కేసుల్లో ప్రతివాది లాయరు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. ఇది వెట్టి కాదు, ఇష్టపడి ఇచ్చిన చేబదులు, పిల్లవాణ్ణి తల్లే సంతోషంగా వదిలింది అని. ఆ మాటకు జవాబు 1976 చట్టం పదిహేనో సెక్షన్‌లో ఒక్క వాక్యంగా ఉంది. ఫలానా అప్పు వెట్టి అప్పు అని కూలివాడు అన్నాడంటే చాలు, కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. ఆ తల్లి లెక్కలు చెప్పనక్కరలేదు. అసలెంత ఇచ్చాడో, వడ్డీ ఏ లెక్కన కట్టాడో, ఐదుగురి ఏడాది కూలిని ఏ పద్దులో కలిపాడో కోర్టుకు చెప్పుకోవలసింది ఆ బాతుల యజమాని.